సివ్ ఫైవ్: మావయ్య, నేను, ఇంకా రాని 1757

సివిలైజేషన్ 5 గురించి ఇప్పుడు కొత్తగా చెప్పేదేముంది? 2010లో వచ్చిన కంప్యూటర్ ఆట, ఒక దేశాన్ని ఎంచుకుని క్రీస్తుపూర్వం నుంచి వంతులవారీగా నడిపించుకు రావడం. షట్కోణాల గళ్ళు, గడికి ఒక్కటే సేన, ఏ దేశానికి ఏం ప్రత్యేకత... ఇవన్నీ పదిహేనేళ్ళుగా జనం అరగదీసేశారు. వాటి జోలికి నేను పోను. 2014 వేసవిలో రెండు ఎక్స్‌పాన్షన్లూ, అంటే అసలు ఆటకి తరువాత వచ్చిన చేర్పులు, కలిపి డిస్కౌంట్‌లో కొన్నాను. ఇప్పటికి నా ఖాతాలో 2,100 గంటలు చూపిస్తోంది. అందులో మూడో వంతు నేను ఆడినవి కావు. తెర మీద ఆట తెరిచి ఉంటుంది, నేను కౌంటర్లో ఎవరికో గ్యాస్ మాత్రల అట్ట సగానికి కత్తిరించి ఇస్తూంటాను.

నాకీ ఆట మీద ఉన్న ప్రేమంతా ఆ మూడో వంతు గంటల వల్లే.

మాది విజయనగరం. గంటస్తంభానికి దగ్గర్లో మెడికల్ షాపు. ఉదయం తొమ్మిదికి తీస్తే మూసేసరికి రాత్రి పది దాటుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా బేరం పలచగా ఉంటుంది. పలచగా అంటే అసలు లేదని కాదు, పది నిమిషాలకొకరు వస్తారు. ఆ పది నిమిషాల్లో సినిమా చూడలేం, పుస్తకం తెరిస్తే ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికే సరిపోతుంది. ఫోన్లో ఆడే ఆటలైతే మరీ అన్యాయం. మనం ఇక్కడ డాక్టరు గారి గీతలు చదువుతూంటే అక్కడ మన కోట తగలబడిపోతుంది. పైగా "మీ సైన్యం మీకోసం ఎదురుచూస్తోంది" అని రాత్రి పదకొండింటికి ఫోను మోగుతుంది.

సివ్ ఫైవ్‌కి ఆ బుద్ధి లేదు. ఒకరోజు అలెగ్జాండర్ గుర్రమెక్కి తెర నిండా నిలబడి నాతో యుద్ధం ప్రకటించాడు. సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన బీపీ మాత్రల ఖాళీ అట్ట పట్టుకుని వచ్చాడు. ఆ కంపెనీది లేదు. అదే మందు ఇంకో కంపెనీది ఉందంటే ఆయన నమ్మడు. కొడుక్కి ఫోన్ చేశాడు, కొడుకు డాక్టరుకి ఫోన్ చేశాడు, డాక్టరు ఎత్తలేదు. మొత్తం మీద ఇరవై నిమిషాలు. తిరిగొచ్చి చూస్తే అలెగ్జాండర్ ఆ గుర్రం మీదే ఉన్నాడు. ప్రపంచాన్ని గెలిచినవాడు, నా బేరం తెమిలేదాకా కళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. నెక్స్ట్ టర్న్, అంటే తరువాతి వంతు, అన్న గుండ్రటి బటన్ నేను నొక్కేదాకా ఆ లోకంలో పొద్దు పొడవదు, పొద్దు గుంకదు.

ఇదేం గొప్ప, వంతులవారీ ఆటలన్నీ ఇంతే కదా అంటారు. నిజమే. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, హుద్‌హుద్ దాకా.

2014 అక్టోబరు 12, ఆదివారం. తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మాకు పొద్దున్నుంచే గాలి. మధ్యాహ్నానికి మా వీధి చివర రావిచెట్టు కరెంటు తీగల మీద పడింది. సాయంత్రానికి ఫోన్లలో సిగ్నల్ పోయింది. మావయ్య ముందురోజే బొబ్బిలి నుంచి వచ్చి మా ఇంట్లో ఇరుక్కుపోయాడు. మా అమ్మకి పెద్దన్నయ్య. పంచదార మిల్లులో చెరకు బళ్ళు కాటా వేసి రిటైరైన మనిషి. ఏ మాటైనా తూకం వెయ్యకుండా నమ్మడు.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా అమ్మది బొబ్బిలి, మా నాన్నది విజయనగరం. బయటి జిల్లాల వాళ్ళకి ఇందులో ఏమీ కనిపించదు గానీ మా ఇంట్లో 1757 ఇంకా అయిపోలేదు. ఆ ఏడాది జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బొబ్బిలి కోట మీదికి వెళ్ళడం, కోట పడిపోవడం, ఆ తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి దూరి పొడిచెయ్యడం, ఇవన్నీ మా నాన్నా మావయ్యా నిన్న సంతలో జరిగినట్టు దెబ్బలాడుకుంటారు. పండక్కి కూర సరిపోకపోతే "తెల్లోణ్ణి తోడు తెచ్చుకున్నోళ్ళు మీరు, కూరేటి తెస్తారు" అంటాడు మావయ్య. నాన్న ఊరుకోడు.

షాపులో ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. ఇన్వర్టర్ మొదటి రాత్రే చచ్చిపోయింది. నాన్న ఎక్కడో తిరిగి చిన్న జనరేటర్ అద్దెకి తెచ్చి రోజూ సాయంత్రం రెండు గంటలు ఫ్రిజ్ నడిపేవాడు. మిగతా టైమంతా ఐస్ గడ్డలే దిక్కు. ఆ రెండు గంటల్లో నేను ల్యాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టుకునేవాణ్ణి. "ఇన్సులిన్ కోసం పోసిన డీజిల్ మీద ఆటలేంట్రా" అని నాన్న రోజూ తిట్టేవాడు, ఒక్కరోజూ తీసెయ్యలేదు. నెట్ లేకపోయినా ఆఫ్‌లైన్‌లో ఆట తెరుచుకుంది. ఎఫ్10 నొక్కితే కొండలూ సముద్రాలూ పోయి మొత్తం మ్యాప్ పాతకాలపు అట్ట మీద బొమ్మల్లా అయిపోతుంది. స్ట్రాటజిక్ వ్యూ అంటారు. మామూలుగా దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా ల్యాప్‌టాప్ మీద అలా ఆడితే ఫ్యాను గోల తగ్గి, బ్యాటరీ గంటన్నర పైన లాగింది.

కొవ్వొత్తి వెలుగులో నేను ఆడుతూంటే మావయ్య వెనక కూచుని చూశాడు. కాసేపటికి "ఆడెవడు, ఆ బోడిగుండు?" అన్నాడు. గాంధీ, మనం ఇండియా అన్నాను. "గాంధీ గారా! ఆయన చేతికి సైన్యమిచ్చేరా?" అని నవ్వి, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఆట ఇద్దరిదీ అయింది. మొదలెట్టిన ఆట పక్కన పెట్టించి, మొదటి నుంచీ కొత్తది వేయించాడు.

మొదట తూకం వేసింది కాలాన్ని. ఆట క్రీస్తుపూర్వం 4000లో మొదలవుతుంది. మామూలు వేగంలో ఒక్కో టర్నుకీ నలభై ఏళ్ళు గడుస్తాయి. మా పనివాడు పశువుల దొడ్డి కట్టడానికి ఏడెనిమిది టర్నులు పట్టింది. మావయ్య వేళ్ళ మీద లెక్కేసి, "మూడొందల ఏళ్ళు! ఒక్క దొడ్డికి!" అని అమ్మని పిలిచి మరీ చెప్పాడు. ముందుకెళ్ళే కొద్దీ టర్నుకి ఇరవై అయిదేళ్ళు, ఇరవై, పది, అయిదు, రెండు, ఒకటి, ఇలా తగ్గుతూ వస్తుంది. "మనకి తిరగబడి ఉంది కదా. చిన్నప్పుడు వేసవి సెలవులే తెమిలేవి కావు, ఇప్పుడు సంక్రాంతి మీద సంక్రాంతి వచ్చి పడిపోతంది" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ ఆట ఆడుతూంటే గుర్తొస్తుంది.

తరువాత పేర్లు. ఇండియాకి మొదటి ఊరు ఢిల్లీ, రెండోది ముంబై. ఊరి పేరు మార్చుకోవచ్చని తెలియగానే ఢిల్లీని బొబ్బిలి చేయించాడు. ముంబై సాలూరు అయింది, అక్కడ మావయ్య అత్తవారిల్లు ఉందని. మూడో ఊరు పెట్టేసరికి ఆటే దానికి విజయనగర అని పేరు పెట్టింది. అది హంపీ విజయనగరం, మనది కాదు అని నేను చెప్తూనే ఉన్నాను. గుమ్మం దగ్గర దీపం పట్టుకుని నిలబడ్డ నాన్న అప్పటిదాకా ఆట వైపు చూడనివాడు, "ఉండనీ, పేరు మార్చకు" అన్నాడు. మావయ్య ఏమీ అనలేదు గానీ మొహం చిట్లించాడు.

ఇండియాతో ఆడితే ఊళ్ళ లెక్క మీద వచ్చే అసంతృప్తి రెట్టింపు, జనాభా మీద వచ్చేది సగం. అంటే కొద్ది ఊళ్ళు పెట్టి వాటినే పెంచుకోవాలి. ఇది నాకు గైడ్లు చదివితే తెలిసింది. మావయ్యకి నాలుగో ఊరు పెట్టాక జనం మొహాలు మాడిపోవడం చూస్తే తెలిసింది. "ఒగ్గేయ్. ఉన్న నాలుగూ కాపాడుకోరాదా" అన్నాడు. నది దాటి కొట్టేవాడికి బలం తగ్గుతుందని కూడా నేను చెప్పకుండానే పట్టేశాడు. ఆయన ఊళ్ళన్నీ నది ఒడ్డునే.

ఇప్పుడు అసలు దెబ్బ. రెండో రాత్రి 58వ టర్నులో ఉన్నాం. మావయ్య యోధులు రెండు ఆటవిక దండుల్ని తరిమి వాళ్ళ గుడిసెలు తగలబెట్టారు. ఆయన జీవితంలో కంప్యూటర్ మీద గెలిచిన మొదటి గెలుపు. బ్యాటరీ ఇంకా పదిహేను శాతం చూపిస్తోంది. చూపిస్తూనే టక్కున ఆరిపోయింది. మరుసటి సాయంత్రం తెరిస్తే 50వ టర్ను. ఆట తనంతట తాను పది టర్నులకోసారి సేవ్ చేస్తుందని నాకు తెలుసు. దాన్ని ఒక్కో టర్నుకీ మార్చుకోవచ్చనీ తెలుసు. తెలిసీ మార్చలేదు. తప్పు ఆటది కాదు, నాది. మావయ్యకి ఇదంతా ఎక్కలేదు. "అంటే మనం కొట్టిన వాళ్ళు మళ్ళీ బతికొచ్చేరా?" అన్నాడు. ఔనన్నాను. "గెలిచింది గెలిచినట్టు కాదేటి మరి?" ఆ ఎనిమిది టర్నులు మళ్ళీ ఆడాం. అలా రాలేదు. ఒక యోధుడు చచ్చిపోయాడు. కాటా చీటీ మీద సంతకం అయ్యాక బరువు మార్చినట్టుందని ఆయన ఆ రాత్రంతా గొణిగాడు. నేను అప్పుడే సెట్టింగుల్లోకి వెళ్ళి ప్రతి టర్నుకీ సేవ్ పెట్టాను. ఈ ముక్క చదివేవాళ్ళు ఎవరైనా సరే, మిగతాదంతా మరిచిపోయినా ఆ ఒక్క సెట్టింగు మార్చుకోండి.

మా పక్క రాజ్యం ఫ్రాన్స్. నెపోలియన్. నేను చెప్పేలోపే మావయ్యకి అర్థమైపోయింది. "బుస్సీ దొర!" అన్నాడు. ఆ తరువాత నెపోలియన్ అనే పేరు మా ఇంట్లో వినిపించలేదు. ఫ్రాన్స్ వాళ్ళకి ఆటలో ప్రత్యేకంగా మస్కటీర్లుంటారు. తుపాకీ సిపాయిలు. ఆట కాలం 1200 దాటుతూండగా, అంటే దాదాపు 180వ టర్నులో, ఆరో రాత్రి, బుస్సీ దొర యుద్ధం ప్రకటించాడు. వాడి కన్ను విజయనగరం మీద. మౌసు మావయ్య చేతిలో ఉంది.

మా దగ్గర ఏనుగులున్నాయి. ఇండియా ఏనుగు సేనకి గుర్రాలక్కర్లేదు, దూరం నుంచే బాణాలు వేస్తుంది. అప్పటికే పాతబడిపోయిన సేనే గానీ, వాటితో పాటు క్రాస్‌బౌ విలుకాళ్ళున్నారు, నది అడ్డం ఉంది. అన్నీ బొబ్బిలి చుట్టూ నిలబడి ఉన్నాయి. "మావయ్యా, రెండు ఏనుగుల్ని విజయనగరం పంపు" అన్నాను. ఆయన మౌసు కదపలేదు. "ఉండు, వాళ్ళెటు వస్తారో చూద్దాం." మరో టర్ను. "ఇంకొక్క టర్ను చూద్దాం." నేను అరిచాను. అమ్మ వంటింట్లోంచి ఏమైందని పరుగెత్తుకొచ్చింది. నాలుగో టర్నుకి విజయనగరం పడిపోయింది. జనాభా సగానికి పడిపోయి, ఊరి మీద నీలం రంగు ఎక్కింది. నాన్న గుమ్మంలోంచి చూశాడు. "బాగుంది బావా" అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

మావయ్య ఆ రాత్రి బ్యాటరీ ఉండగానే ల్యాప్‌టాప్ మూసేశాడు.

మరునాడు బస్సులు పూర్తిగా తిరుగుతున్నాయి. నిజానికి రెండు రోజులుగా తిరుగుతున్నాయి. బొబ్బిలిలో కూడా కరెంటు లేదు కదా, అక్కడికెళ్ళి ఏం చేస్తాను అంటూ ఉండిపోయాడు. సాయంత్రం ఛార్జింగ్ అయ్యాక తనే ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక్క మాట మాట్లాడకుండా ఏనుగులన్నిటినీ నది దాటించాడు. బొబ్బిలిలో ఒక్క సేన మిగల్లేదు. ఒక్కో కదలికకీ ముందు రెండేసి నిమిషాలు చూసేవాడు. పదకొండు టర్నులకి విజయనగరం తిరిగొచ్చింది. మూడు ఏనుగులు పోయాయి. వెళ్ళి నాన్నని లేపి, "సూడు బావా, నీ ఊరు నీకిచ్చేసేను" అన్నాడు. నాన్న లేచి కూచుని తెర వంక చూసి, "జనం సగం లేరు" అన్నాడు. నాకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు.

వేరే ఏ ఆటైనా ఇలా అవకాశమిచ్చి ఉండేదా? ఆ నాలుగు టర్నులూ పరుగుమీద జరిగిపోయి ఉంటే మావయ్య చెయ్యి ఎందుకు కదల్లేదో ఎవరికీ తెలిసేది కాదు. ఆట తొందరపెట్టలేదు. ఆయనకి ఆలోచించుకోవడానికి నాలుగుసార్లు కావలసినంత టైమిచ్చింది. నాలుగుసార్లూ ఆయన కావాలనే ఊరుకున్నాడు. అది ఆయనకీ తెలుసు.

ఇక్కడితో ఆపేస్తే ఇది పొగడ్త అవుతుంది. ఆపను, ఎందుకంటే పైన చెప్పినవాటిలో కొన్ని సర్దుకోవాలి.

ఆ యుద్ధం మేం అంత తేలిగ్గా గెలవడానికి కారణం మావయ్య తెలివి ఒక్కటే కాదు. గడికొక్క సేన అన్న నియమం ఆటకి అందం తెచ్చింది గానీ, కంప్యూటర్‌కి ఆ నియమంతో ఆడటం ఇప్పటికీ రాదు. బుస్సీ దొర ఫిరంగులు ముందు నడిచాయి, సిపాయిలు చెరువు వెనకాల దారి దొరక్క తిరుగుతూ ఉండిపోయారు. మావయ్యే అన్నాడు: "ఈడికున్న తెలివే ఆ బుస్సీకి ఉండుంటే 1757లో మేమే గెలిచేవాళ్ళం కదరా." కష్టం స్థాయి పెంచితే కంప్యూటర్ తెలివి పెరగదు. దానికి ఉచితంగా సరుకు ఎక్కువ వస్తుంది, అంతే. కొన్నేళ్ళు ఆడాక ఈ సంగతి కనిపించడం మొదలవుతుంది, కనిపించాక మరి పోదు.

ఆగే గుణం గురించి కూడా. ఆట ఆగుతుంది, నిజమే. నేను ఆగుతానా? "ఇంకో టర్ను" జబ్బు గురించి అందరూ వేళాకోళంగా రాస్తారు. గెలిచిన తరువాత కూడా ఇంకొక్క టర్ను ఆడతానంటూ ఒక బటన్ పెట్టారు, అంటే చేసినవాళ్ళకీ తెలుసన్నమాట. 2017లో ఒక రాత్రి షాపు మూసి, ఒక్క టర్ను అని కూచుని, తలెత్తితే పాల ప్యాకెట్ల బండి చప్పుడు వినిపించింది. ఆ రోజు షాపు పదకొండింటికి తీశాను. ఎవరో జ్వరం పిల్లని ఎత్తుకుని ఎదురుగా మెట్ల మీద కూచుని ఉన్నారు. అప్పట్నుంచి రాత్రిళ్ళు ఆడటం మానేశాను. పగలు, షాపులో, బేరాల మధ్య, అంతే. వచ్చేవాళ్ళు నన్ను లేపుతూ ఉంటేనే ఈ ఆట నాకు మంచిది.

ఇంకొకటి. 2,100 గంటలు అని గొప్పగా చెప్పాను గానీ, చివరిదాకా ఆడిన ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పాత ల్యాప్‌టాప్ మీద 1800 దాటాక ఒక్కో టర్ను తిరగడానికి నిమిషం పట్టేది. నాకొచ్చిన కాసేపూ ఆ గుండ్రం తిరగడం చూస్తూనే పోయేది. కొత్తది కొన్నాక అది తగ్గింది. అయినా ముప్పై సేనల్ని ఒక్కొక్కటిగా జరపడం, పదిహేను ఊళ్ళలో ఏం కట్టాలో చెప్పడం, ఇది ఆటా గుమస్తా పనా అనిపిస్తుంది. నాకు ఇష్టమైన భాగం మొదటి నూటయాభై టర్నులు. చీకట్లో మ్యాప్ కొంచెం కొంచెంగా తెరుచుకోవడం, మొదటి నది, మొదటి పక్కింటి రాజు. అవయ్యాక చాలాసార్లు వదిలేసి కొత్తది మొదలెడతాను. కాబట్టి ఎన్నేళ్ళైనా పాతబడని ఆట అని ఎవరైనా అంటే, మొదటి సగం మటుకు అని చేర్చుకోండి.

గాంధీ గురించి చెప్పకపోతే ఊరుకోరు. మొదటి సివిలైజేషన్, 1991 నాటిది, అందులో ఒక లెక్క తప్పి గాంధీ అణుబాంబులు వేసేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది ఒట్టి కథేనని ఆ ఆట సృష్టికర్త సిడ్ మైయర్ 2020లో వచ్చిన తన ఆత్మకథలో తేల్చేశారు. ఐదో ఆటలో మాత్రం సరదాకి నిజంగానే పెట్టారు. నాయకుల స్వభావాలకి పదికి మార్కులు వేస్తూ, గాంధీకి అణ్వాయుధాల దగ్గర పన్నెండు వేశారు. ఓసారి నేను వేరే దేశంతో ఆడుతూంటే గాంధీ నా మీద బాంబు వేశాడు. అప్పుడు మావయ్య ఇంట్లోనే ఉన్నాడు. చాలాసేపు నోట మాట రాలేదు. "విజయనగరం గాంధీ అయ్యుంటాడు" అన్నాడు చివరికి.

కొత్తవి చూడలేదా అంటే చూశాను. 2016లో వచ్చిన ఆరోది కొన్నాను, అరవై గంటలు ఆడాను. చెడ్డదని అనను. అందులో ఒక ఊరిని పేటలు పేటలుగా గళ్ళ మీద పరచాలి. ఏ పేట ఎక్కడొస్తుందో యాభై టర్నుల ముందే మనసులో గీసుకోవాలి. పది నిమిషాలకోసారి లేచే నా బుర్రలో ఆ గీత నిలవదు. వచ్చి కూచునేసరికి, ఇక్కడ ఏం కట్టాలనుకున్నాను అని మొదలవుతుంది. ఐదోది అలా కాదు, తెర చూస్తే చాలు, ఏం చెయ్యాలో అదే చెప్తుంది. 2025 ఫిబ్రవరిలో ఏడోది వచ్చింది. అందులో అశోకుడున్నాడని చెప్తే మావయ్య, "మరి కళింగ వాళ్ళో?" అన్నాడు. మన వైపు నుంచి అడగవలసిన మాటే. నా ల్యాప్‌టాప్ దాన్ని మొయ్యలేదు కాబట్టి ఆ ముచ్చట ఇంకా తేలలేదు.

కొనమంటానా? మీకు సాయంత్రాలు ఖాళీ ఉండి, నెట్‌లో ఆడే స్నేహితులు ఉంటే నా మాట వినకండి, వేరేవి ఉన్నాయి. ఇంట్లో చిన్న పిల్లలున్నా, ఎవరో ఒకరు నిమిషానికోసారి పిలిచే ఉద్యోగమున్నా, పాత కంప్యూటర్ ఉన్నా, డిస్కౌంట్‌లో ఎక్స్‌పాన్షన్లతో సహా దొరికితే తీసుకోండి. అవి లేకుండా ఉత్త ఆట మాత్రం వద్దు, సగం ఖాళీగా ఉంటుంది. ఇంతా చెప్పి, నాకు ఇష్టమైంది ఈ ఆటేనా, ఆ కొవ్వొత్తుల రాత్రులా అని అడిగితే నిజంగా చెప్పలేను. హుద్‌హుద్ రాకపోయి ఉంటే వంద గంటలకి పక్కన పడేసేవాణ్ణేమో.

మా వీధికి తొమ్మిదో రోజు సాయంత్రం కరెంటు వచ్చింది. అప్పటికి మేం 205వ టర్నులో ఉన్నాం, ఆటలో 1450. మరునాడు మావయ్య బస్సెక్కేశాడు. "దాన్ని ముట్టుకోకు, నేనొచ్చాకే" అన్నాడు. ముట్టుకోలేదు. ఏటా పైడితల్లమ్మ సిరిమానుకి వచ్చినప్పుడు అయిదారు టర్నులు ఆడతాం. అంతకంటే సాగదు. ఒక్కో కదలికకీ ఆయన కాటా వేస్తాడు, మధ్యలో అమ్మ భోజనానికి పిలుస్తుంది, నాన్న ఏదో ఒకటి అంటాడు. కరోనా ఏడాది రాలేదు, ఆట అలాగే ఉంది. 2021లో ల్యాప్‌టాప్ మార్చినప్పుడు ఆ ఒక్క ఫైలునీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, భయపడుతూ కొత్తదాంట్లో తెరిచాను. తెరుచుకుంది. ఏనుగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని ఎప్పుడో గుర్రపు దళాలుగా మార్చుకోవలసింది. మావయ్య ఒప్పుకోలేదు.

పోయిన దసరాకి 1745లో ఆపాం. మొన్న ఫోన్ చేసి, ఇంకెన్ని టర్నులకి 1757 వస్తుందని అడిగాడు. ఏళ్ళ తరబడి ఆ అంకె కోసం చూస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది. ఈ కాలంలో టర్నుకి అయిదేళ్ళు. 1750, 1755, ఆ తరువాత 1760. అదే చెప్పాను.

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"మరి 57?"

"రాదు మావయ్యా. 55 నుంచి 60కి దూకేస్తుంది."

"ఆ మధ్యలో ఏటవుతాది?"

"మనం బటన్ నొక్కాక అవతలి వాళ్ళ వంతు నడుస్తుంది కదా, అప్పుడే అయిపోతుంది. మనకి కనబడదు."

మళ్ళీ కాసేపు ఆగి, "అయితే ఈ ఏడు 55లో ఆపేద్దాం" అన్నాడు. "ఆ టర్ను మాత్రం నాను నొక్కను."

ఫోను స్పీకర్లో ఉంది. కౌంటర్ అవతల స్టాకు లెక్క రాసుకుంటున్న నాన్న, ఈ పదకొండేళ్ళలో ఒక్కసారైనా మౌసు పట్టని మనిషి, తల ఎత్తకుండానే అన్నాడు: "నన్ను నొక్కమంటావేమో అడుగు."